వెల్లింగ్టన్‌లో తుపాకీ కాల్చడం నేర్పరు సార్

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో మన అనంతపురం జిల్లాకు చెందిన మేజర్ ఒకాయన తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి ఎంపికయ్యారని చిన్న వార్త వేశారు. వేసినందుకు సంతోషం. కానీ హెడ్డింగ్ ఏమో ‘ఆర్మీ ట్రైనింగ్‌కు ఎంపిక’, పక్కన ఫోటోలో కొత్తగా చేరిన కుర్రాళ్లు నేల మీద బోర్లా పడుకొని రైఫిల్ గురి చూస్తున్నారు. ఏళ్ల తరబడి సర్వీసు చేసిన మేజర్‌ను ఒక్క ఫోటోతో మళ్లీ రిక్రూట్‌ను చేసేశారు సార్. వాళ్ల ఇంట్లోవాళ్లు నవ్వుకొని వదిలేసి ఉంటారు, నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. నేను ఆర్మీలో క్లర్క్‌గా చేరి సుబేదార్‌గా రిటైరైనవాణ్ణి, కొంతకాలం ఆ కాలేజీ ఆఫీసులోనే పనిచేసినవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, కత్తిరించుకోండి, కానీ పూర్తిగా చదివాక కత్తిరించండి.

స్టాఫ్ కాలేజీ అంటే జనరల్ పక్కన ఉండి యుద్ధానికి ప్లాన్లు, లెక్కలు వేసే అధికారులను తయారుచేసే చోటు. అక్కడ తుపాకీ కాల్చడం నేర్పరు. అది వచ్చినవాళ్లే అక్కడికి వస్తారు. ఆర్మీలో అయితే ముందు ఒక పోటీ పరీక్ష రాయాలి. టాక్టిక్స్, మిలిటరీ చరిత్ర, చట్టం, వర్తమాన వ్యవహారాలు, ఇలా ఒక్కోటి ఒక్కో పేపర్. బోర్డర్‌లో డ్యూటీ చేస్తూ, పెళ్లాం పిల్లలు ఎక్కడో ఉండగా, రాత్రిళ్లు బంకర్‌లో లైటు పెట్టుకొని చదివి రాస్తారు. పాసైనవాళ్లకు దాదాపు 45 వారాల కోర్సు. పదిమందికి అటూ ఇటూగా ఒక గుంపు, దాన్ని సిండికేట్ అంటారు, దానికి పాఠం చెప్పే అధికారిని డీఎస్ అంటారు. ఒక మ్యాప్ ఇచ్చి, శత్రువు ఇక్కడున్నాడు, నీ బలగం ఇంత, నది ఇక్కడ, వంతెన కూలిపోయింది, నీ జనరల్‌కు రేపు పొద్దున ఏం సలహా ఇస్తావో రాసుకొని రా అంటారు. మేజర్లు తెల్లవార్లూ కూర్చొని రాస్తారు. మా ఆఫీసులో ఆ కాగితాలన్నీ కాపీలు తీసి, లెక్కపెట్టి, సీల్ వేసి పంపేవాళ్లం. థీసిస్ ఇవ్వాల్సిన వారంలో వాళ్ల మొహాల్లో కనిపించే టెన్షన్ మా అబ్బాయి ఇంటర్ పరీక్షల్లో కూడా చూడలేదు. కోర్సు అయ్యాక మద్రాసు యూనివర్సిటీ ఎమ్మెస్సీ డిగ్రీ కూడా వస్తుంది. ఇంతకీ నేను చెప్పేది ఒక్కటే సార్. సైన్యమంటే పరుగు, పుష్అప్‌లు మాత్రమే అని మన జిల్లాల్లో ఒక లెక్క పడిపోయింది. సైన్యంలో చదువు కూడా ఉంది, పైకి పోయేకొద్దీ చదువే ఎక్కువ, ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పట్లేదు, మీ పేపర్‌తో సహా.

ఆ కాలేజీ చరిత్ర కూడా అలాంటిలాంటిది కాదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో స్టాఫ్ కోర్సు చదవాలంటే ఇంగ్లండ్‌లోని క్యాంబర్లీకి ఓడెక్కాల్సిందే. 1902లో కమాండర్ ఇన్ చీఫ్‌గా వచ్చిన కిచెనర్ (వైస్రాయ్ కర్జన్‌తో గొడవపడి ఆయన రాజీనామా చేసేదాకా తెచ్చిన కిచెనరే) ఇండియాలో ఇంత పెద్ద సైన్యం పెట్టుకొని కాలేజీ అక్కడెందుకని, 1905లో నాసిక్ దగ్గరి దేవలాలిలో తాత్కాలికంగా మొదలుపెట్టించాడు. 1907లో దాన్ని క్వెట్టాకు మార్చారు, ఇప్పుడది పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో ఉంది. తర్వాత బర్మాలో జపాన్‌ను ఓడించిన స్లిమ్ అక్కడే చదివాడు. రెండో ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు జనరల్ మాంట్‌గోమరీ 1934 నుంచి కొన్నేళ్లు అక్కడ పాఠం చెప్పాడు, ఆయన అక్కడున్న కాలంలోనే 1935 మే 31 తెల్లవారుజామున భూకంపం వచ్చి క్వెట్టా ఊరు ఊరంతా నేలమట్టమైంది.

మరి మనవాళ్లు? కాలేజీ పెట్టింది ఇండియాలో, జీతాలు ఇండియా పన్నుల నుంచి, కానీ మొదటి భారతీయ అధికారి అందులో అడుగుపెట్టింది 1933లో. ఆయనే కరియప్ప, కొడగు మనిషి, తర్వాత మన మొదటి భారతీయ సైన్యాధిపతి. 1905 నుంచి 1933 దాకా లెక్క వేసుకోండి. భారతీయుడు తుపాకీ పట్టుకొని చావడానికి పనికొచ్చాడు కానీ మ్యాప్ ముందు కూర్చొని ఆలోచించడానికి పనికిరాడని దాని అర్థం. ఇంకోలా చెప్పుకోవడం నాకు చేతకాదు.

1947లో దేశంతో పాటు సైన్యాన్ని కూడా పంచుకున్నారు. క్వెట్టా పాకిస్తాన్‌కు పోయింది. బిల్డింగులు ఎటూ మోసుకురాలేరు, లైబ్రరీ పుస్తకాలైనా పంచుకుందామని మనవాళ్లు చూస్తే అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న యాహ్యా ఖాన్ ఒక్క పుస్తకం కూడా కదలనివ్వలేదని చెప్పుకుంటారు. చివరికి మనవైపు సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ ఎస్.డి. వర్మ అనే అధికారికి కాలేజీని కొత్తగా కట్టుకొనే బాధ్యత అప్పగించారు. ఆయన నీలగిరుల్లో కూనూరు పక్కనున్న వెల్లింగ్టన్ కంటోన్మెంట్‌ను ఎంచుకున్నాడు. 1948 ఏప్రిల్ 5న మొదటి కోర్సు మొదలైంది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోపే, ఒకవైపు కాశ్మీర్‌లో యుద్ధం నడుస్తుండగానే, ఖాళీ అల్మారాలతో పాఠం మొదలుపెట్టేశారు. మన దగ్గర పంచాయతీ ఆఫీసు ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారడానికి ఎంతకాలం పడుతుందో మీకు తెలుసు కదా!

వర్మ తర్వాత కమాండెంట్‌గా వచ్చినవాడు లెంటేన్ అనే ఇంగ్లీషు జనరల్. బర్మా అడవుల్లో చిండిట్ దళాలను నడిపిన వింగేట్ 1944లో విమాన ప్రమాదంలో చనిపోతే ఆ దళాల బాధ్యత తీసుకున్నది ఈయనే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇంగ్లీషువాడా అని కొందరికి కోపం రావచ్చు, కానీ ఆయన 1955 దాకా ఉండి కాలేజీని నిలబెట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. 1950 నాటికే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటివాళ్లూ ఒకే కాలేజీలో కలిసి చదవడం మొదలైంది. అప్పట్లో చాలా పెద్ద దేశాల్లో కూడా ఎవరి కాలేజీ వాళ్లదే. ఇప్పుడు మిత్రదేశాల అధికారులు కూడా వచ్చి చదువుతారు.

ఇక ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా సంగతి. 1943లో క్వెట్టాలో స్టాఫ్ కోర్సు చదివిన ఆయన 1959లో వెల్లింగ్టన్‌కు కమాండెంట్‌గా వచ్చాడు. ఇక్కడ ఉండగానే, దేశానికి వ్యతిరేకంగా మాట్లాడాడని, ఢిల్లీ పెద్దలను తక్కువ చేశాడని ఆయన మీద ఎంక్వైరీ వేశారు. కెరీర్ అయిపోయిందనే అనుకున్నారు అందరూ. ఎంక్వైరీలో ఆయన తప్పేమీ లేదని తేలింది, ఇంతలో 1962లో చైనా దెబ్బ తగిలింది, చెదిరిపోయిన అస్సాంలోని తేజ్‌పూర్ కోర్‌ను (కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) సర్దడానికి మళ్లీ ఆయన్నే పిలిచారు. 1971లో ఆర్మీ చీఫ్ ఆయనే. ఏప్రిల్‌లోనే తూర్పు బెంగాల్ మీదికి పొమ్మంటే, వానలొస్తే నదులు సముద్రాలవుతాయి, ట్యాంకులు తరలించడానికి రైళ్లన్నీ నాకు కావాలి, అవి పంట కోతల ధాన్యం మోయాల్సిన రైళ్లు, చలికాలం దాకా ఆగితే హిమాలయ కనుమలు మూసుకుపోయి చైనా దిగలేదు అని లెక్కలు చెప్పి ఆగమన్నాడని ఆయనే తర్వాత చెప్పేవాడు. స్టాఫ్ కాలేజీలో నేర్పేది అచ్చంగా ఇదే. వీరత్వం అందరికీ ఉంటుంది, రైళ్ల లెక్క కొందరికే తెలుస్తుంది. డిసెంబర్ 16న ఢాకాలో లొంగుబాటు జరిగినప్పుడు అవతలి దేశానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? లైబ్రరీ పుస్తకాలు కదలనివ్వలేదని చెప్పుకొనే ఆ యాహ్యా ఖానే.

ఆ లెక్క తెలియకపోతే ఏమవుతుందో మా గుత్తివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా కోట ఎంత గట్టిదో మీరు చూసే ఉంటారు, కొండ మీద కొండలా ఉంటుంది. హైదర్ అలీ ముట్టడిస్తే లోపల మరాఠా సర్దార్ మురారిరావు ఘోర్పడే నెలల తరబడి తట్టుకున్నాడు. గోడ కూలి ఓడిపోలేదు సార్, కోటలో నీళ్లు అయిపోయి 1776లో లొంగిపోయాడు. అసలు 1800లో నిజాం మన సీమ జిల్లాలను కంపెనీకి అప్పగించింది కూడా తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కిందే. మిలిటరీ బిల్లు కింద చేతులు మారిన నేల మనది. అలాంటి నేల మీద పుట్టిన పిల్లలకు తిండి, నీళ్లు, దారి, డబ్బు లెక్కలే సగం యుద్ధమని చెప్తే మిగతావాళ్లకంటే తొందరగా అర్థమవుతుంది.

వెల్లింగ్టన్‌తో అయిపోదు. అది మేజర్ల స్థాయి. పైన ఆర్మీవాళ్లకు మధ్యప్రదేశ్‌లోని మౌలో వార్ కాలేజీ ఉంది, 1971లో కాలేజ్ ఆఫ్ కంబాట్ అనే పేరుతో మొదలైంది. మన సికింద్రాబాద్‌లోనే, సైనిక్‌పురి వైపు, కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది, 1970లో పెట్టారు, అక్కడ మూడు దళాల కల్నల్ స్థాయివాళ్లు బడ్జెట్లు, వనరులు, నిర్వహణ చదువుతారు, ఉస్మానియా డిగ్రీ వస్తుంది. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రోజూ ఎన్ని బస్సులు పోతున్నాయో లెక్కే లేదు, ఆ కాలేజీ పేరు విన్నవాళ్లు ఎందరుంటారు? అన్నిటికీ పైన ఢిల్లీలో నేషనల్ డిఫెన్స్ కాలేజీ, 1960 ఏప్రిల్ 27న నెహ్రూ ప్రారంభించాడు. లండన్‌లోని ఇంపీరియల్ డిఫెన్స్ కాలేజీ చూసి పెట్టుకున్నది. బ్రిగేడియర్లు, వాళ్లతో సమానమైన నేవీ, ఎయిర్‌ఫోర్స్ అధికారులు, ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్‌వాళ్లు, విదేశీ అధికారులు పక్కపక్క కుర్చీల్లో కూర్చొని చదువుతారు. తర్వాత బంగ్లాదేశ్‌ను ఏలిన ఎర్షాద్ 1975లో అక్కడ విద్యార్థి, ఇప్పటి భూటాన్ రాజు కూడా అక్కడ చదివినవాడే.

వెల్లింగ్టన్ పేరు మన పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చింది నాకు తెలిసి ఒక్కసారే, 2021 డిసెంబర్ 8న. ఆ కాలేజీలో మాట్లాడడానికి కోయంబత్తూరు దగ్గరి సూలూరు నుంచి బయలుదేరిన అప్పటి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ కూనూరు దగ్గర కూలిపోయింది. ఆయన, ఆయన భార్య, ఇంకా చాలామంది పోయారు. అందులో కురబలకోట మండలానికి చెందిన మన సీమ కుర్రాడు, లాన్స్ నాయక్, కూడా ఉన్నాడు. కాలేజీలో పనిచేస్తూ రావత్‌ను తీసుకురావడానికి సూలూరు పోయిన గ్రూప్ కెప్టెన్ వారం రోజులు ఆస్పత్రిలో పోరాడి చనిపోయాడు. అప్పుడు కూడా మన చానెళ్లలో ఒకాయన దాన్ని ‘ఆర్మీ క్యాంప్’ అన్నాడు. సరే.

ఆ కాలేజీ గుర్తు గుడ్లగూబ. మన ఊళ్లలో గుడ్లగూబ ఇంటి మీద వాలితే పంతులుగారిని పిలుస్తాం, వాళ్లేమో దాన్ని బిళ్ల చేసి గోడకు పెట్టుకున్నారు! ‘యుద్ధం ప్రజ్ఞయా’ అని సంస్కృతంలో రాసి ఉంటుంది. మా ఆవిడ మొదటిసారి చూసినప్పుడు ఇదేం కాలేజీ అని భయపడింది.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వస్తా. గుత్తిలో పొద్దున్నే స్కూలు గ్రౌండ్‌కు పోతే ఇంటర్, డిగ్రీ పిల్లలు చీకట్లోనే 1600 మీటర్లు పరుగెత్తుతుంటారు. బంగారం లాంటి పిల్లలు. చాలామందికి అగ్నివీర్ తప్ప ఇంకో దారి ఉందని తెలియదు. మొన్న ఒకడు నన్నడిగాడు, “మామా, ఆఫీసర్ అయినాక కూడా పరీక్షలుంటాయా?” అని. ఉంటాయి నాయనా, రిటైరయ్యేదాకా ఉంటాయి అంటే నోరు తెరిచాడు. ఇంటర్‌తో ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), డిగ్రీతో సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాసి నేరుగా ఆఫీసర్ కావచ్చని వాడికి తెలియదు. జవానుగా చేరినవాడు కూడా సర్వీసులో ఉండగానే పరీక్ష రాసి డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్ కావచ్చని వాళ్ల నాన్నకూ తెలియదు. కలికిరిలో సైనిక్ స్కూల్ ఉందని తెలుసు, అందులో చేరడానికి ఏం రాయాలో తెలియదు. ఆడపిల్లలకైతే అసలు ఎవరూ చెప్పరు. ఎన్డీఏలోకి అమ్మాయిలను తీసుకోవడం 2022లో మొదలైంది, వెల్లింగ్టన్ పరీక్షలో ఆర్మీ మహిళా అధికారులు మొదటిసారి పాసైంది కూడా ఆ ఏడాదే. తప్పు పిల్లలది కాదు. కోచింగ్ సెంటర్లకు పరుగు నేర్పితే ఫీజు తొందరగా వస్తుంది, మ్యాప్ చదవడం నేర్పితే ఎవరిస్తారు?

కాబట్టి మీకు నా విన్నపం. ముందుగా ఆ మేజర్ వార్తను సరైన హెడ్డింగ్‌తో, ఆ పడుకున్న ఫోటో తీసేసి, ఇంకోసారి వేయండి. ఆయన ఏ పరీక్ష రాసి అక్కడికి పోయాడో, మన జిల్లాలో ఏ బడిలో చదివాడో ఆయన్నే అడిగి రాయండి, సర్వీసు రూల్స్ ఒప్పుకుంటే ఆయనే చెప్తాడు. రెండోది, ఎన్డీఏ, సీడీఎస్, సైనిక్ స్కూల్ నోటిఫికేషన్లు పడిన రోజు వాటిని లోపల ఎక్కడో టెండర్ ప్రకటనల మధ్య కాకుండా జిల్లా పేజీలో మొదట వేయండి, చివరి తేదీ పెద్దక్షరాలతో. అనంతపురం, కడప, కర్నూలు మూడు ఎడిషన్లలోనూ. అనుమానాలున్న పిల్లలుంటే గుత్తి మాజీ సైనికుల దగ్గరికి పంపండి, సాయంత్రాలు మేమెటూ ఖాళీనే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సుబేదార్,
గుత్తి, అనంతపురం జిల్లా