జలకన్య కథలో ఆ ముక్క ఎందుకు తీసేశారు?

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు పిల్లలకు కథలు చెబుతుంటాను. మొన్న డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన జలకన్య కథకు ఒక తెలుగు సంక్షిప్త పుస్తకం చేతికొచ్చింది. చివర్లో రాజకుమారుడితో జలకన్యకు పెళ్లి చేసేశారు! 1837లో అచ్చయిన కథలో అతను వేరే అమ్మాయిని చేసుకుంటాడు. జలకన్య సముద్రపు నురగగా కరిగి, గాలిలో తేలే ప్రాణాల్లో కలిసిపోతుంది. పోయిన ముక్క ఇంకొకటి ఉంది. తనతో గుర్రం మీద తిరగడానికి వీలుగా రాజకుమారుడు ఆమెకు మగపిల్లాడి బట్టలు కుట్టిస్తాడు.

పిల్లలకు పూర్తి కథే చెప్పాను. బట్టల దగ్గరికొచ్చేసరికి ఒక పాప, "అయితే అప్పుడు తను అమ్మాయా, అబ్బాయా?" అంది. ఎప్పుడూ నోరు విప్పని ఏడో తరగతి అబ్బాయి "తనకెలా అనిపిస్తే అలా" అన్నాడు. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, ఆ గుర్రం ముక్క మళ్లీ చెప్పమన్నాడు.

మరుసటి వారం ఒక తల్లి వచ్చి, "చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు టీచర్ గారూ?" అని బాధపడ్డారు. ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ ఇవి నేను కలిపినవి కావు, కథలో ఉన్నవే. ఆండర్సన్ తన స్నేహితుడు ఎడ్వర్డ్ కొలిన్‌కు రాసిన ఉత్తరాల్లో ప్రేమను దాచుకోలేదు. కొలిన్‌కు 1836లో పెళ్లయింది. ఆ ప్రేమకు బదులివ్వలేకపోయానని తర్వాత కొలినే తన జ్ఞాపకాల్లో రాశారు. అందుకే క్వీర్ సిద్ధాంతం (ఆడ, మగ అనే మూసల్లో ఇమడని మనుషులను, ప్రేమలను సాహిత్యంలో గమనించే పద్ధతి) చదివినవాళ్లు, మనిషి కాళ్ల కోసం నాలుక కోయించుకుని మనసులో మాట చెప్పలేకపోయిన జలకన్యలో ఆండర్సన్‌ను చూస్తారు. ఆ చర్చ పెద్దలది. పిల్లలకు నేనది చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. వాళ్లకు కథ కోత లేకుండా అందితే చాలు.

పిల్లల పేరు చెప్పి కథలు మార్చడం పాత అలవాటే. జర్మనీ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల పుస్తకం 1812 నాటి తొలి ముద్రణలో స్నోవైట్‌ను చంపించాలని చూసింది కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో ఆమెను సవతి తల్లిని చేశారు. మన దగ్గర మాత్రం విరాటపర్వం చెప్పేటప్పుడు బృహన్నలను ఎవరూ తీసేయలేదు. ఉత్తరకు నాట్యం నేర్పిన ఆ గురువును తరతరాల పిల్లలు ఇష్టంగానే విన్నారు.

ప్రచురణకర్తలకు నా విన్నపం ఒక్కటే. కథను కుదిస్తే కుదించండి, ముగింపు మార్చకండి, ఆ బట్టల ముక్క తీసేయకండి. మార్చక తప్పదనుకుంటే ఆ సంగతి అట్ట మీదే వేయండి. మా గ్రంథాలయానికి పూర్తి తెలుగు అనువాదం ఒకటి కొనిపెట్టమని అర్జీ ఇచ్చాను. ఆ అబ్బాయి ప్రతి ఆదివారం వచ్చి, పుస్తకం వచ్చిందా అని అడుగుతున్నాడు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి