నోరు తిరగని మోషే, పక్కన నిలబడ్డ అన్న

తల్లిదండ్రులందరికీ వందనాలు, నమస్కారాలు.

ఈ నెల ఎస్‌ఏ-1 మార్కుల గురించి, ఫీజు తేదీల గురించి రాద్దామనే కూర్చున్నాను గానీ అవన్నీ వెనక పేజీలో ఆఫీసు వాళ్ళు వేసేశారు, చూసుకోండి. నేను ఇక్కడ వేరే విషయం రాస్తున్నాను. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురైదుగురు తల్లులు ఎవరికి వాళ్ళే నా దగ్గరికొచ్చి ఒకటే మాట అన్నారు, "మా గుంటడికి బయం ఎక్కువ మేడమ్, ఏటి సెయ్యాలో తెలవట్లేదు" అని. ఒకామె అయితే పిల్లాడు పక్కన నిలబడి ఉండగానే "వీడు ఒట్టి పిరికోడు మేడమ్" అనేసింది. వాడు అప్పటిదాకా నా టేబుల్ మీది గ్లోబుని ఒక వేలితో మెల్లగా తిప్పుకుంటున్నాడు, ఆ మాట చెవిన పడగానే వేలు ఆగిపోయింది. ఇంటికెళ్ళాక కూడా ఆ వేలే గుర్తొచ్చింది నాకు.

మీలో చాలామందికి తెలియదు, చిన్నప్పుడు నాకు గట్టిగా నత్తి ఉండేది. మా నాయనమ్మ వసకొమ్ము తేనెలో అరగదీసి రోజూ పొద్దున్నే నాలిక మీద రాసేది, మాట తిరుగుతుందని. తిరగలేదు. నేను చదివిన స్కూల్లో అటెండెన్స్ పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనే మాట నోట్లోంచి వచ్చేది కాదు, ఆ "ప్ర" దగ్గర పెదాలు అతుక్కుపోయేవి, చెయ్యి ఎత్తితే ఒప్పుకునేవాళ్ళు కాదు, అనేదాకా నిలబడమనేవాళ్ళు, వెనక నుంచి నవ్వులు. కానీ ఆదివారం గుడిలో అందరితో కలిసి పాట పాడుతుంటే ఒక్క అక్షరం ఆగేది కాదు. నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని, ప్రభువా ఆదివారం ఇచ్చిన నోరు సోమవారం కూడా ఇవ్వు అని. పెద్దయ్యాక ఒక స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు, నత్తి ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పాడేటప్పుడు గానీ, ఇంకొకరితో కలిసి ఒకేసారి చదివేటప్పుడు గానీ మాట ఆగదట. ఆ "ఇంకొకరితో కలిసి" అనే ముక్క విన్నాక నాకు మోషే కథ పూర్తిగా వేరేలా అర్థమైంది.

బైబిల్లో నిర్గమకాండం నాలుగో అధ్యాయం. మండే పొద దగ్గర దేవుడు, ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వెళ్ళి అక్కడ బానిసలుగా ఉన్న నా ప్రజల్ని తీసుకురా అంటే మోషే "నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను" అంటాడు. దేవుడు ఏమన్నాడు, మానవునికి నోరిచ్చింది ఎవరు అని అడిగాడు, నేను నీ నోటికి తోడుంటాను అన్నాడు. అయినా మోషే వేరే ఎవరినైనా పంపించు అని బతిమాలాడు. దేవుడికి కోపం వచ్చిందని కూడా రాసి ఉంది, కానీ ఆ కోపంలో కూడా ఆయన చేసింది ఏంటంటే, నీ అన్న అహరోను బాగా మాట్లాడతాడు కదా, అదిగో నిన్ను కలవడానికి ఎదురొస్తున్నాడు అని చెప్పడం. మోషే నాలిక బాగైపోయిందని ఆ కథలో ఎక్కడా లేదు. ఫరో ముందు నిలబడేసరికి మోషేకి 80 ఏళ్ళు, అహరోనుకి 83, ఆ వయసులో ఇద్దరు ముసలి అన్నదమ్ములు పక్కపక్కన నిలబడ్డారు. యేసు ప్రభువు అపొస్తలుడు పౌలు కూడా అంతే, తన శరీరంలో ముల్లులాంటి బాధ తీసేయమని 3 సార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అనే జవాబొచ్చింది. ఆ ముల్లు ఏంటో పౌలు చెప్పలేదు, బహుశా అందుకేనేమో ఏ ముల్లు ఉన్నవాళ్ళయినా ఆ వాక్యాన్ని తమదిగా చదువుకుంటారు.

భయపడకూడదు అని పిల్లలకి మనం, కుర్రాడు దావీదు అంత పెద్ద వీరుడు గొల్యాతుని రాయితో పడగొట్టిన కథ చెప్తాం. మంచిదే. కానీ దాని తర్వాత కథ ఎవరం చెప్పం. గొల్యాతుది గాతు అనే ఊరు. కొన్నాళ్ళకి సౌలు రాజు తరుముతుంటే దావీదు పారిపోయి అదే గాతుకి వెళ్ళాడు, అక్కడ వాళ్ళు ఇతన్ని గుర్తుపట్టేసరికి ఎంత భయపడ్డాడంటే గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ, తలుపుల మీద గీతలు గీస్తూ పిచ్చోడిలా నటించాడు. గొల్యాతుని పడగొట్టిన మనిషే! 56వ కీర్తన పైన గాతులో ఫిలిష్తీయులు, అంటే గొల్యాతు జాతివాళ్ళు, పట్టుకున్నప్పటిది అని రాసి ఉంటుంది, అందులోదే ఈ మాట, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను". భయం రాదని దావీదు అనట్లేదు, అది వచ్చే రోజు ఉంటుందని ఒప్పేసుకునే మాట్లాడుతున్నాడు.

2018 అక్టోబర్ 11 తెల్లారగట్ట తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను పలాస వైపు మా అమ్మ ఇంట్లో ఉన్నాను. ఉద్దానం వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆ గాలి శబ్దం మీకు తెలుసు. వంటింటి తలుపు గొళ్ళెం ఊడిపోతే చీర కొంగుతో కిటికీ చువ్వకి కట్టి ఇద్దరం పట్టుకుని కూర్చున్నాం, బయట కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ పడుతుంటే నేల అదిరేది. అమ్మ ఆ కీర్తన అంటోంది, గొంతు వణుకుతోంది, నేను కలిపి అంటున్నాను. నా భయం పోలేదండీ, నిజం చెప్తున్నాను, తెల్లారి వెలుగొచ్చేదాకా వణుకుతూనే ఉన్నాను. కానీ చెయ్యి వదల్లేదు. ఇప్పటికీ టీవీలో అల్పపీడనం అంటే మన హాస్టల్లో ఆ వైపు పిల్లలు కొందరు రాత్రి నిద్రపోరు, వార్డెన్ గారు లైటు వేసి వాళ్ళ మధ్యలోనే చాప వేసుకుని పడుకుంటున్నారు, ఆవిడకి నేను ఎంత రుణపడి ఉన్నానో.

మన స్కూల్లో అన్ని ఇళ్ళ పిల్లలూ ఉన్నారు, అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళు కాదు, అది నాకు తెలుసు, ఎవరినీ ఇబ్బంది పెట్టాలని ఇది రాయట్లేదు. నాకు ధైర్యం ఎక్కడ దొరికిందో అది దాచుకుని వేరే ఏదో చెప్పడం నాకు చేతకాదు. తనని పట్టుకున్న రాత్రి గెత్సేమనే తోటలోకి యేసు ప్రభువు కూడా ఒక్కడే వెళ్ళలేదు, ముగ్గురు శిష్యుల్ని పిలిచి నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు, వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి. ఆయనే తోడు అడిగినప్పుడు ఏడో క్లాసు పిల్లాడు అడిగితే పిరికోడు ఎలా అవుతాడు?

పోయిన క్రిస్మస్‌కి మా దగ్గర ఒక అబ్బాయి బైబిల్లో లూకా రెండో అధ్యాయం, అంటే యేసు ప్రభువు పుట్టిన కథ, చదవాలి. వాడికీ నత్తే. ఆ రోజు పొద్దున్న కనిపించలేదు, వెతికితే కుళాయిల వెనక కూర్చుని కాలర్ గుండీ కొరుకుతున్నాడు. నేను ఏమీ చెప్పలేదు, పక్కన కాసేపు కూర్చున్నాను. వాడి బెంచీ మేట్ వచ్చి "ఇద్దరం సదువుదాం రా" అన్నాడు. స్టేజి ఎక్కారు. "కైసరు" దగ్గర వాడి మాట ఆగింది, మెడ నరం బిగుసుకుంది, కళ్ళు మూసుకున్నాడు, రెండోవాడు ముందుకెళ్ళిపోకుండా ఆగాడు, తర్వాత ఇద్దరూ ఒకేసారి "కైసరు ఔగుస్తు" అన్నారు. అక్కణ్ణుంచి సాగిపోయింది. మూడొందల మంది పిల్లలున్నారు హాల్లో, ఒక్కరు నవ్వలేదు.

అప్పటినుంచి ఆరు, ఏడు క్లాసుల్లో గట్టిగా చదవడం జంటగానే పెడుతున్నాం, ఒంటరిగా చదువుతానంటే సంతోషం, వద్దంటే మార్కులు కట్ చేయం. అటెండెన్స్‌కి చెయ్యెత్తినా చాలు, ఈ రూల్ నేను వచ్చిన మొదటి వారమే పెట్టాను.

మిమ్మల్ని అడిగేది కొంచెమే. పిల్లలు మాట్లాడుతూ ఆగితే వాళ్ళ మాట మీరు పూర్తి చెయ్యకండి, మెల్లగా చెప్పు, ఊపిరి తీసుకో అని కూడా అనకండి, మొహంలోకి చూస్తూ ఆగండి, అంతే. నత్తి పిరికితనం వల్ల వచ్చేది కాదు, కంగారు పెడితే ఎక్కువవుతుంది. స్కూల్ హెల్త్ చెకప్‌కి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్‌కి ఈ విషయం చెప్పొచ్చు, అది ఉచితమే, ముందు నన్ను కలిస్తే నేనే మాట్లాడతాను. పదో తరగతి వాళ్ళ అమ్మానాన్నలూ, మార్చి దగ్గరపడుతోంది, రాత్రి పిల్లలు చదువుతుంటే ఫోన్ పక్కన పెట్టి ఒక అరగంట అదే గదిలో కూర్చోండి, బియ్యం ఏరుకుంటూ అయినా సరే. మీకేదైనా భయం ఉంటే అదీ పిల్లలకి చెప్పండి. అప్పు గురించి కాదు, వాళ్ళు మోయగలిగేది. "నాకూ చిన్నప్పుడు లెక్కలంటే బయమేరా" అని ఒక నాన్న అన్నాడని ఒక పాప నాకు ఎంత సంబరంగా చెప్పిందో.

ఈసారి క్రిస్మస్ ప్రోగ్రామ్ సెలవులకి ముందు రోజు సాయంత్రం, అందరూ రండి. ఆ అబ్బాయి మళ్ళీ లూకానే అడిగాడు, ఈసారి ఒక్కణ్ణే చదువుతానన్నాడు. సరే అన్నాను. వాడి ఫ్రెండ్‌ని మాత్రం స్టేజి మెట్ల దగ్గర కూర్చోమన్నాను, ఇద్దరికీ చెప్పే.

మీ పిల్లల హెడ్‌మిస్ట్రెస్