నర్సింగ్ ట్యూటర్లను వార్డులో లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నర్సుల కొరత గురించీ జీతాల గురించీ పత్రికల్లో అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి. ఆ నర్సులకు చదువు చెప్పేవాళ్ళ గోడు మాత్రం ఎవరికీ పట్టదు. విశాఖలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. క్లినికల్ పోస్టింగులకు, అంటే వార్డుల్లో పని నేర్చుకోవడానికి, పిల్లల్ని తీసుకొచ్చే ప్రైవేటు కాలేజీల ట్యూటర్లను ఏళ్ళ తరబడి దగ్గర నుంచి చూశాను. చేరిన కొత్తలో ప్రతి పిల్ల పక్కనా నిలబడి నేర్పించిన మనిషే, రెండేళ్ళు తిరిగేసరికి వార్డు గోడకు ఆనుకుని ఎటో చూస్తూ ఉండటం ఒక్కరిద్దరి విషయంలో చూసింది కాదు.

వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున్నే కాలేజీ బస్సు దిగుతారు. ముప్పై, ముప్పై అయిదు మంది పిల్లలకు ఒక్క ట్యూటర్. కొందరిని మెడికల్ వార్డుకు, కొందరిని సర్జికల్‌కు, మిగిలినవాళ్ళను లేబర్ రూముకు పంపి ఆవిడ మెట్లెక్కి దిగుతూ ఉంటుంది. "సిస్టర్, మా పిల్లల్ని కాస్త చూస్తుండండి, పైకి వెళ్ళి ఇప్పుడే వచ్చేస్తాను" అంటుంది. పైకి చేరేలోపే కాలేజీ నుంచి ఫోను. ఫలానా ఫైలు ఎక్కడ పెట్టారు, ఇంటర్నల్ మార్కులు ఎప్పుడిస్తారు? మధ్యాహ్నం మళ్ళీ క్లాసు. కేర్ ప్లాన్లు, కేస్ స్టడీలు, లాగ్ బుక్కులు దిద్దడం రాత్రి ఇంట్లో, పిల్లలు పడుకున్నాక. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌కు సెమిస్టర్ పద్ధతి తెచ్చింది. సిలబస్ మంచిదే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. నాలుగేళ్ళ చదువు ఎనిమిది సెమిస్టర్లయింది, పరీక్షలూ మార్కుల షీట్లూ ఆ లెక్కన పెరిగాయి. దిద్దే చేతులు మాత్రం అవే.

పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలని కౌన్సిల్ నిబంధన. ఏడాదికి 60 సీట్లున్న కాలేజీలో నాలుగు బ్యాచ్‌లకు కలిపి 240 మంది, అంటే 24 మంది టీచర్లు. ఇన్‌స్పెక్షన్ రోజున అంతమందీ కనిపిస్తారు. మర్నాడు వాళ్ళలో ఎందరుంటారో పిల్లల్నే అడగండి, నవ్వి ఊరుకుంటారు. మధ్యప్రదేశ్‌లో నర్సింగ్ కాలేజీల మీద హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశిస్తే, ఆ తనిఖీల్లోనే లంచాలు తీసుకున్నారన్న కేసులో 2024లో సీబీఐ తన సొంత అధికారులనే అరెస్టు చేయాల్సి వచ్చింది. కాలేజీ గేటు దగ్గర జరిగే తనిఖీ మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ట్యూటర్ పక్కన లేకపోతే రోగికి ఏమవుతుందో కూడా చెప్పాలి. ఇన్సులిన్ వయల్‌లో (మందు సీసాలో) మిల్లీలీటరుకు 40 యూనిట్లుండేదీ ఉంది, 100 ఉండేదీ ఉంది. సిరంజీలూ రెండు రకాలు: ఎర్ర మూతది 40కి, ఆరెంజ్ మూతది 100కి. 40 యూనిట్ల మందును 100 సిరంజిలోకి లాగితే రోగికి అందాల్సిన దానిలో సగం కూడా అందదు. అదే 100 యూనిట్ల మందును 40 సిరంజిలోకి లాగితే రెండున్నర రెట్లు వెళ్ళిపోతుంది, షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. పుస్తకంలో ఇదంతా ఒక్క పేరా. రెండో ఏడాది పిల్ల చేతిలో సిరంజి ఉన్నప్పుడు "ఆగు, మూత రంగు చూశావా?" అని అడిగే మనిషి పక్కనుండాలి. ఆ మనిషి మూడో అంతస్తులో ఫోనులో మార్కులు చెబుతోంది. స్టాఫ్ నర్సు చూసుకోవాలంటారా? ఆవిడకు అప్పటికే మంచాలన్నీ నిండి, కింద పరుపులు వేసి ఉంటాయి. చివరికి ఆ పిల్లలు శాంపిల్స్ పట్టుకుని ల్యాబుకు తిరగడం ఒక్కటే నేర్చుకుని వెళతారు.

ఇక వేసవి. ఇంటర్ ఫలితాలు రాగానే ట్యూటర్లకు అడ్మిషన్ల డ్యూటీ. పాడేరు, పార్వతీపురం, పలాస వైపు ఊళ్ళు తిరిగి సీట్లు నింపాలి, మనిషికింతని టార్గెట్. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివినావిడ ఎండలో కరపత్రాలు పంచుతుంది. సీట్లు నిండకపోతే జీతం ఆగుతుంది, నిండినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఆగుతుంది. ప్రభుత్వం బకాయిలు పెట్టడం నిజమే, యాజమాన్యాల ఇబ్బంది నేను కాదనను. అయితే బస్సు డీజిలు బాకీ పెట్టి నడపడం లేదు కదా! వదిలి వెళదామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి. ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసింది, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. అమలు సంగతి అలా ఉంచండి, అది మంచం దగ్గర పనిచేసే నర్సులకు. ఆ నర్సును తయారుచేసే ట్యూటర్ ఊసు అందులో లేదు. అందుకే కాస్త ధైర్యమున్నవాళ్ళు పాఠాలు మానేసి గల్ఫ్‌కో బ్రిటన్‌కో స్టాఫ్ నర్సులుగా వెళ్ళిపోతున్నారు. వాళ్ళను తప్పు పట్టే నోరు నాకు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసి నీరసించిపోవడాన్ని, పనిచేసే చోట పుట్టే సమస్యగా తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది జబ్బు కాదనీ, ఉద్యోగంలో తెరిపి లేని ఒత్తిడిని సర్దుబాటు చేయకపోవడం వల్ల వచ్చేదనీ స్పష్టంగా రాసింది. మన యాజమాన్యాలు దీనికి కనిపెట్టిన మందు మాత్రం శనివారం సాయంత్రం ఒత్తిడి నివారణ క్లాసు. డ్యూటీ అయ్యాక మరో రెండు గంటలు కూర్చోవాలి, హాజరు తప్పనిసరి.

నేను అడిగేది ఢిల్లీ నుంచో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచో రావాల్సిన పని లేదు. విశాఖలోనే అవుతుంది. కేజీహెచ్, విమ్స్, చినవాల్తేరు మానసిక ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోస్టింగులకు ఆసుపత్రి అనుమతి లేనిదే ఏ ప్రైవేటు కాలేజీ పిల్లలూ వార్డులో అడుగుపెట్టలేరు. ఆ అనుమతి పత్రంలోనే సూపరింటెండెంట్లు ఒక షరతు రాయాలి: పదిమందికి ఒక ట్యూటర్ వార్డులో ఉండాలి, లేకపోతే ఆ బ్యాచ్‌ను అదే బస్సులో వెనక్కి పంపేస్తాం. పిల్లల క్లినికల్ గంటలు పూర్తి కాకపోతే డిగ్రీ ఇవ్వరు కాబట్టి, నాలుగు బస్సులు వెనక్కి వెళ్ళాక ట్యూటర్లను నియమించుకోక కాలేజీలకు తప్పదు. పిల్లలకు నష్టం కదా అంటారేమో. మొదటి నెల నష్టమే. ఎవరూ నేర్పకుండా నాలుగేళ్ళు గడిచిపోతే జరిగే నష్టం కంటే అది తక్కువ.

విద్యార్థుల రిజిస్టర్ నా వార్డులో ఎప్పుడూ ఉండేది. కాలేజీ పేరు, పిల్లల సంఖ్య రాసేవాళ్ళం. దాని పక్కన ట్యూటర్ పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ అని మూడు గళ్ళు గీసి, నెలాఖరున ఆ పేజీలను సూపరింటెండెంట్ నోటీసు బోర్డులో పెట్టిస్తే చాలు. దీనికి జీవో అక్కర్లేదు, ఒక స్కేలు, పెన్ను కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
పెదవాల్తేరు, విశాఖపట్నం