ఊళ్లో తిరిగే వ్యాన్‌కి హైవే ఇంజన్ అమ్మితే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

చిన్న డెలివరీ వ్యాన్ల మీద పత్రికల్లో వార్త వచ్చిందంటే అది ధర గురించో, మైలేజీ గురించో, సబ్సిడీ గురించో ఉంటుంది. కొన్న తర్వాత ఆ ఇంజన్ ఎలా నడుస్తోంది, ఎందుకు ఆగిపోతోంది అన్న సంగతి మాత్రం ఎక్కడా కనిపించదు. నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్‌ని. పంపులు, నాజిళ్ల దగ్గర పని నేర్చుకున్నాను, ఇప్పుడు స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపం చదివే పరికరం) లేకుండా బండి ముట్టుకోలేని రోజులు వచ్చాయి. పాల ప్యాకెట్లు, వాటర్ క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు, కొరియర్ పార్శిళ్లు వేసుకుని తిరిగే బండ్లే మా షెడ్డుకు ఎక్కువగా వస్తాయి. వాటి ఓనర్లలో చాలామందికి ఆ బండే అన్నం పెడుతోంది. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

2020 ఏప్రిల్ తర్వాత కొన్న డీజిల్ వ్యాన్ల విషయంలో నేను ఎక్కువగా వినే మాట ఒకటే: "బండి లాగడం లేదు, మీటర్‌లో పసుపు లైటు వెలుగుతోంది." ఇదివరకు బండి లాగకపోతే గాలి పట్టిందా, ఫిల్టర్ నిండిందా, కంప్రెషన్ పడిపోయిందా అని వెతికేవాళ్లం. ఇప్పుడు చాలా బండ్లలో ఇంజన్ నిక్షేపంగా ఉంటుంది. గొడవంతా పొగ గొట్టంలో ఉంటుంది.

బీఎస్-6 (భారత్ స్టేజ్-6, బండ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగ పోయే దారిలో డీపీఎఫ్ (డీజిల్ మసిని పట్టే ఫిల్టర్) అనే డబ్బా ఒకటి పెడుతున్నారు. లోపల తేనెపట్టులా సన్నటి గదులున్న సిరామిక్ దిమ్మ ఉంటుంది. ఒక గది ముందువైపు తెరిచి ఉంటే దాని పక్క గది వెనకవైపు తెరిచి ఉంటుంది. అందువల్ల పొగ నేరుగా బయటికి పోలేదు, గోడల గుండా వడకట్టుకుని పోవాలి. మసి లోపలే ఉండిపోతుంది. ఆ మసిని ఇంజనే అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి. దానికి డబ్బాలో వేడి 600 డిగ్రీల దరిదాపులకు చేరాలి. అంత వేడి పుట్టించడానికి ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు సిలిండర్‌లోకి ఆలస్యంగా కాస్త అదనపు డీజిల్ కొట్టిస్తుంది. అది పొగతో పాటు వెళ్లి, ఫిల్టర్‌కి ముందున్న క్యాటలిస్టు (డీజిల్‌ను మండించే పూత ఉన్న దిమ్మ) దగ్గర కాలుతుంది. దీన్నే మేము రీజెన్ అంటాం. బండి ఆగకుండా ఒకే వేగంతో ఇరవై నిమిషాలో అరగంటో వెళ్తే ఈ పని డ్రైవర్‌కు తెలియకుండానే అయిపోతుంది.

మరి ఆగకుండా అరగంట నడిచే భాగ్యం డెలివరీ వ్యాన్‌కు ఎక్కడుంది? ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండ్లు రెండు మా దగ్గరకు సర్వీసుకు వస్తాయి. ఒకటి కైకలూరు నుంచి చేపల బాక్సులు వేసుకుని హైవే మీద తిరుగుతుంది. దాని డీపీఎఫ్ జోలికి వెళ్లాల్సిన అవసరం మాకు ఇంతవరకూ రాలేదు. రెండోది పటమట, మొగల్రాజపురం సందుల్లో వాటర్ క్యాన్లు వేస్తుంది. రెండో గేరు దాటడమే గగనం. నాలుగిళ్లకోసారి ఇంజన్ ఆపడం, మళ్లీ స్టార్టు చేయడం. దానికి లైటు వెలగని నెల లేదు. ఇంజన్ ఒకటే, ఆయిల్ ఒకటే, మెకానిక్ కూడా ఒకడే. తేడా అంతా తిరిగే దారిలో ఉంది.

మొన్న వేసవిలో వచ్చిన ఒక పాల వ్యాన్ సంగతి వివరంగా చెప్తాను. ఓనరే డ్రైవర్. తెల్లవారుజామున డెయిరీలో లోడు ఎత్తుకుని, బూత్ బూత్‌కీ ఆగుతూ ఎండెక్కేలోపు ఖాళీ చేయాలి. లైటు వెలిగి వారాలైందట. "నడుస్తోంది కదా అని ఊరుకున్నానండీ" అన్నాడు. ఆయిల్ గేజి తీసి చూస్తే పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది. తుడిచి మళ్లీ ముంచి తీశాను, అంతే ఉంది. వేళ్ల మధ్య రాస్తే జిగురు లేదు, జారిపోతోంది. ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన గుప్పుమంది. మసి కాల్చడానికి కంప్యూటరు అదనపు డీజిల్ కొట్టించడం మొదలుపెడుతుంది, ఈలోగా బూత్ వస్తుంది, ఇతను ఇంజన్ ఆపేస్తాడు. వేడెక్కాక మళ్లీ అదే తంతు. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి కింద ఆయిల్లో కలిసిపోతోంది. ఆయిల్ తగ్గకపోవడం చూసి ఇంజన్ బాగుందని ఆయన నిశ్చింతగా ఉన్నాడు. అంత పలచబడ్డ ఆయిల్‌తో ఇంకొంతకాలం తిరిగితే బేరింగులు పోతాయి, క్రాంకు గీసుకుపోతుంది.

షోరూమ్‌లో అడిగితే, డీపీఎఫ్ మూసుకుపోయింది, మార్చాలి, వాడకంలో లోపం వల్ల వచ్చింది కాబట్టి వారంటీ వర్తించదు అన్నారట. కొత్త డీపీఎఫ్ ఖరీదు ఆయనకు కొన్ని నెలల కిస్తీలతో సమానం. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఆ బండి పాల వ్యాన్‌గా తిరుగుతుందని తెలిసే అమ్మారు. పాల క్రేట్లు పట్టేలా బాడీ కొలతలు కూడా వాళ్లే మాట్లాడి పెట్టారు. పాల వ్యాన్ బూత్ బూత్‌కీ ఆగితే అది వాడకంలో లోపం ఎలా అవుతుంది?

స్కానర్ తగిలించి చూస్తే ఫిల్టర్ ఇంకా పూర్తిగా చెడిపోలేదు. ముందు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాం. బండిని చెత్తా చెదారం, ఎండుగడ్డి లేని చోట నిలబెట్టి స్కానర్ ద్వారా రీజెన్ పెట్టాం. ఇంజన్ దానంతట అదే రేసు పెంచుకుంటుంది, గొట్టం వెనక నిలబడలేనంత వేడి వస్తుంది, ఆ కాసేపూ ఎవరూ దగ్గరకు పోకుండా కుర్రాడొకడిని కాపలా పెడతాం. డబ్బాకి ముందూ వెనకా ఒత్తిడి తేడా చూపే అంకె మెల్లగా దిగింది. లైటు ఆరింది. మర్నాడు బండి లోడుకు వెళ్లింది. అందరికీ ఇంత తేలిగ్గా పోదు. ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద ఎంత వేడికీ కాలదు, పేరుకుపోతూనే ఉంటుంది. డీపీఎఫ్ ఉన్న బండిలో తక్కువ బూడిద వచ్చే ఆయిలే పోయాలి, అంటే కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే. చవకగా వస్తుందని పాత గ్రేడు ఆయిల్ పోయించుకునే ఓనర్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

బీఎస్-6 వద్దని నేను అనడం లేదు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు) నుంచి 10 పీపీఎంకి దిగింది. డీజిల్ కార్ల పొగలో మసి పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. రోజంతా ఆ పొగ మధ్యే పనిచేసే వాళ్లం, ఈ తేడా విలువ మాకంటే ఎవరికి తెలుస్తుంది? అయితే మన బీఎస్ ప్రమాణాలకు మూలమైన యూరో ప్రమాణాల్లో, యూరప్‌లో యూరో-4 2005లో మొదలైతే యూరో-6 2014లో వచ్చింది. మధ్యలో యూరో-5తో కంపెనీలకు, మెకానిక్‌లకు, డ్రైవర్లకు ఈ ఫిల్టర్లు అలవాటయ్యాయి. మనం 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 తెచ్చి, బీఎస్-5ని వదిలేసి, 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్-6లోకి వచ్చాం. మూడేళ్లలో ఇంజన్లు మార్చారు, ఇంధనం మార్చారు. బండి నడిపేవాడికి చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడిపి పొగ కొలిచే పరీక్ష కూడా వచ్చింది, సంతోషం. అది పొగ ఎంత వస్తోందో చెబుతుంది. రోజూ సందుసందునా ఆగే బండిలో ఆ ఫిల్టర్ రెండు మూడేళ్లకి ఏ స్థితిలో ఉంటుందో చెప్పదు.

వాడేవాడిని అడిగి బండి తయారుచేసే పద్ధతి మన దేశంలో లేనిదేం కాదు. 1980ల్లో జపాన్ కంపెనీల పొత్తుతో నాలుగు రకాల చిన్న ట్రక్కులు మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాద్‌లోనే తయారయ్యేది. 1986లో వచ్చిన టాటా 407 వాటి పోటీకి నిలిచి గెలిచింది. ఓవర్‌లోడు తట్టుకోవడం, ఏ ఊళ్లోనైనా రిపేరు కావడం దాని బలమని మా పెద్ద మేస్త్రీలు చెప్పేవారు, నేనూ పనిలో చూశాను. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాన్ని తయారుచేసిన టాటా మోటార్స్ ఇంజనీరు గిరీశ్ వాఘ్ బృందం ముందుగా మూడు చక్రాల బండ్లు నడిపేవాళ్ల దగ్గరకు వెళ్లి ఏం కావాలో అడిగి తెలుసుకుంది. ఇండికా కారు నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను సగం చేసినట్టు రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. అంత చిన్న ఇంజన్ ఏం లాగుతుందిలే అన్నవాళ్లున్నారు. అది దేశం మొత్తాన్ని లాగింది. సందుల్లో తిరగడానికే పుట్టిన ఇంజన్ అది. ఆగినా, మళ్లీ స్టార్టు చేసినా దానికి లెక్కలేదు. పొగ ఎక్కువే, ఒప్పుకుంటాను.

సందుల్లో తిరిగే పనికి డీజిల్ ఇక నప్పదని కంపెనీలకూ తెలిసినట్టే ఉంది. 2022లో ఏస్ ఎలక్ట్రిక్ వచ్చింది. 2025లో వచ్చిన ఏస్ ప్రోలో పెట్రోల్, సీఎన్‌జీ-పెట్రోల్, ఎలక్ట్రిక్ రకాలే ఉన్నాయి, డీజిల్ లేదు. కొత్తగా కొనేవాళ్లు నన్ను సలహా అడిగితే, ఊరు దాటి వెళ్లని బండికి డీజిల్ వద్దనే చెబుతున్నాను. కానీ ఇప్పటికే డీజిల్ వ్యాన్లు కొని కిస్తీలు కడుతున్నవాళ్ల సంగతేంటి? వాళ్లను ఇలా వదిలేస్తే వెతుక్కునే దారి ఒకటుంది, అది మంచిది కాదు. డబ్బా కోసి, లోపలి దిమ్మ పగలగొట్టి బయట పారేసి, ఖాళీ డబ్బాకి వెల్డింగ్ చేసి, కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చేస్తున్నారు. ఇది మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. మా షెడ్డులో చేయం. చేయనన్నందుకు కస్టమర్లతో గొడవలు పడ్డాను, కొందరు మళ్లీ రాలేదు. కానీ వాళ్లు ఆ పని ఎందుకు చేయించుకుంటున్నారో నాకు తెలుసు. లైటు వెలిగిన ప్రతిసారీ ఒకరోజు లోడు పోతుంది, బూత్‌వాళ్లు ఇంకో బండిని చూసుకుంటారు, ఆ టెన్షన్ పడలేక.

నిజానికి దారి సులువైనదే ఉంది. పెద్ద ట్రక్కుల్లో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద రీజెన్ స్విచ్ ఉంటుంది. లోడు దింపేశాక డ్రైవర్ బండిని ఓ పక్కన ఆపి, స్విచ్ నొక్కి, టీ తాగి వస్తే పని అయిపోతుంది. ఆ స్విచ్ చిన్న వ్యాన్లన్నిటిలో ఎందుకు పెట్టరు? డ్రైవర్‌కు తెలియదు, తప్పుగా నొక్కుతాడు అంటే నేను ఒప్పుకోను. ఇరుకు సందుల్లో రివర్సులో టన్ను సరుకు తోలేవాడికి ఒక స్విచ్ నేర్పడం కష్టమా? ఇప్పటికే రోడ్డు మీదున్న బండ్లలో సాఫ్ట్‌వేర్ మార్చి ఆ సౌకర్యం ఇవ్వగలిగిన చోట సర్వీసు క్యాంపులు పెట్టి ఉచితంగా ఇవ్వాలి.

రెండో అడ్డంకి స్కానర్. మేము కొనుక్కునే స్కానర్లు లైటు ఎందుకు వెలిగిందో చెబుతాయి గానీ కొన్ని మోడళ్లలో రీజెన్ పెట్టనివ్వవు, కొత్త సెన్సర్‌ను కంప్యూటర్‌కి పరిచయం చేయనివ్వవు. దాంతో ప్రతి చిన్న పనికీ బండి షోరూమ్ క్యూలో నిలబడాలి. స్పేర్ పార్టులు, డయాగ్నొస్టిక్ పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ కూడా తెరిచింది. కారు ఓనర్‌కి ఉన్న హక్కు పాల వ్యాన్ ఓనర్‌కి ఇంకా ఎక్కువగా ఉండాలి. కారు ఆగితే ఆటోలో పోవచ్చు. పాల బండి ఆగితే ఊళ్లో పిల్లలకు పాలుండవు. న్యాయమైన ధరకు ఆ సమాచారం అమ్మితే కొనుక్కోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం, ఉచితంగా అడగడం లేదు.

వారంటీ విషయంలో రవాణా శాఖ, వినియోగదారుల శాఖ కలిసి కంపెనీలను ఒక్క మాట అడగాలి. డెలివరీ వ్యాన్ అని ప్రకటన వేసి అమ్మినప్పుడు, డెలివరీ చేయడం వల్ల మూసుకుపోయిన ఫిల్టర్‌ను వారంటీ నుంచి ఏ నిబంధన కింద తీసేస్తున్నారు?

ఇక బండి తాళాలు చేతికిచ్చే రోజున తెలుగులో ఒక పేజీ కాగితం ఇవ్వాలి. ఏ లైటు వెలిగితే ఏం చేయాలి, లైటు వెలిగాక ఎన్నాళ్లు ఊరుకోవచ్చు, గేజి మీద ఆయిల్ పెరిగితే ఎందుకు భయపడాలి, ఏ గ్రేడు ఆయిల్ పోయాలి, రీజెన్ జరుగుతున్నప్పుడు బండి ఎక్కడ ఆపకూడదు, ఇంతే. ఇంగ్లీషులో ఇచ్చే లావుపాటి పుస్తకం సీటు కింద అట్ట విప్పకుండా ఉండిపోతోంది. ఆ పేజీ డ్రైవర్‌కు అర్థమయ్యే మాటల్లో రాసివ్వడానికి ఆటోనగర్ మెకానిక్‌లం కొందరం ముందుకొస్తాం. ఏ కంపెనీ అయినా, ఏ అధికారి అయినా మా షెడ్డుకు రావచ్చు, లైటు వెలుగుతున్న బండి దగ్గరే కూర్చుని రాసుకుందాం.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్,
జవహర్ ఆటోనగర్, విజయవాడ