పెద్దమనుషుల పంచాయితీ, మనోవర్తి లెక్క

సంపాదకులు గారికి నమస్కారం.

భార్యాబిడ్డలను పోషించకుండా వదిలేసిన భర్త మీద కేసు వేస్తే కోర్టు మనోవర్తి ఇప్పిస్తుందన్న సంగతి మా దేవరకొండ ప్రాంతంలో చాలామందికి తెలుసు. తెలియనిదల్లా, కోర్టుకు వెళ్లేముందు మేము నడిపే పంచాయితీలో గడిచిపోయే నెలలు ఎవరి లెక్కలోంచి పోతాయన్నదే. మేము అని ఎందుకు అంటున్నానంటే, అలా కూర్చున్న పెద్దమనుషుల్లో నేనూ ఒకడిని.

మా ఊరి ఆడబిడ్డ ఒకామె రెండేళ్ల పాపతో పుట్టింటికి వచ్చింది. హైదరాబాద్‌లో ఆటో నడిపే భర్త పైసా పంపడం మానేశాడు. కోర్టు మెట్లెక్కితే సంసారం మళ్లీ అతకదని ఆమెను ఆపింది మేమే. మూడుసార్లు కూర్చున్నాక, ఇద్దరూ ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నారని, భర్త నెలకు 3,000 రూపాయలు ఇస్తాడని బాండు పేపరు మీద రాయించి సాక్షి సంతకాలు పెట్టాం. అతను రెండు నెలలు ఇచ్చి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. మళ్లీ పిలిపిద్దాం, మళ్లీ చూద్దాం అంటూ మొత్తం 14 నెలలు గడిపేశాం.

చివరికి ఆమె వకీలును కలిసిన రోజున నేనూ వెంట వెళ్లాను. మా కాగితం కోర్టు ఉత్తర్వు కాదు గనుక దాని మీద వారంటు రాదని ఆయన చెప్పినప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు గానీ, ‘ఇష్టపూర్వకంగా విడిగా’ అని మేము మర్యాద కోసం రాయించిన మాటనే భర్త తరఫువారు ఆమెకు అడ్డం వేస్తారని విని తల దించుకున్నాను. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లోనూ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని రాసి ఉంది. పాప హక్కుకు ఈ అడ్డంకి లేదు, అంతవరకు నయం.

రజనీష్ వర్సెస్ నేహ కేసులో 2020 నవంబరు 4న తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలని, ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్లు ఇవ్వాలని చెప్పింది. కేసు ఎన్నేళ్లు సాగినా ఆడవాళ్లు నష్టపోకుండా కాపాడే ఈ లెక్కలోకి, దరఖాస్తుకు ముందు మా అరుగు మీద గడిచిన 14 నెలలు రావు.

ఉత్తర్వు వచ్చిన తర్వాత కూడా ‘కొంచెం ఓపిక పట్టమ్మా’ అన్న మాట ఖరీదైనదే. బకాయి వసూలుకు వారంటు కావాలంటే, ఆ సొమ్ము చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా కోర్టును అడగాలి. వారంటు తర్వాతా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు పోయి వచ్చినంత మాత్రాన ఆ బాకీ తీరిపోదు. భర్త ముంబయికో పుణేకో వలసపోయాడని మా పాలమూరు బంధువులు వెనకాడుతుంటారు గానీ, భార్య తానున్న చోటనే కేసు వేయవచ్చు, అతను ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు ద్వారా ఉత్తర్వును అమలు చేయించవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ నిర్వహించే అవగాహన సదస్సులకు మహిళలతో పాటు మాజీ సర్పంచులను, కుల పెద్దలను, మాలాంటి విశ్రాంత ఉద్యోగులను కూడా తప్పనిసరిగా పిలవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ముందు దరఖాస్తు వేయించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చునని, కేసు నడుస్తుండగా కూడా రాజీకి దారి ఉంటుందని, ఆ రాజీని కోర్టులో నమోదు చేయిస్తే దానికి విలువ ఉంటుందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.