నేర్చుకునే సమయాన్ని పనివేళల్లో చేర్చండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పద్దెనిమిదేళ్లుగా ప్రభుత్వ కార్యాలయాల సర్వర్లను చూసుకుంటున్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. కొత్త సర్వర్లు కావాలని గానీ, క్లౌడ్ బడ్జెట్ పెంచాలని గానీ అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. క్లౌడ్‌లోనూ డేటా సెంటర్లలోనూ ఏం మారుతోందో చదివి, చేసి చూసి, అర్థం చేసుకోవడానికి వాటిని నడిపే సిబ్బందికి పనివేళల్లోనే వారానికి ఒక పూట కేటాయిస్తూ ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. ఇప్పుడు ఆ చదువు రాత్రిళ్లు, సెలవు రోజుల్లో, ఎవరి ఆసక్తి కొద్దీ వాళ్లు చేసుకునేదిగానే ఉంది. ఆసక్తి ఉన్న మనిషి బదిలీ అయిన రోజున ఆ కార్యాలయానికి ఆ తెలివిడి కూడా లేకుండా పోతోంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కార్యాలయంలో సోమవారం ఉదయం ఆన్‌లైన్ దరఖాస్తుల సేవ ఆగిపోయింది. వెబ్‌సైట్ తెరుచుకుంటోంది, దరఖాస్తు నింపడానికీ వీలవుతోంది, తీరా రుసుము చెల్లించే దగ్గరకు వచ్చేసరికి ఎర్రర్ వస్తోంది. సర్వర్లు నడుస్తున్నాయి, డిస్క్‌లో చోటు ఉంది, డేటాబేస్ బాగానే ఉంది. నెట్‌వర్క్ వాళ్లు తమ వైపు లోపం లేదన్నారు, అప్లికేషన్ తయారు చేసిన కంపెనీ వాళ్లూ అదే మాట అన్నారు. మూడు గంటల పాటు లాగ్‌లు (సర్వర్లు రాసుకునే నమోదులు) తిరగేస్తే, చెల్లింపుల సేవతో మాట్లాడే సర్వర్‌లోని సర్టిఫికెట్‌కు, అంటే ఆ సర్వర్ నిజమైనదేనని అవతలి కంప్యూటర్‌కు నిరూపించే డిజిటల్ పత్రానికి, ఆ తెల్లవారుజామునే గడువు తీరిపోయిందని తేలింది. గడువు దగ్గరపడుతోందని హెచ్చరించే మెయిళ్లు నెల రోజులుగా వస్తూనే ఉన్నాయి. కాకపోతే అవన్నీ ఏడాది కిందట ఉద్యోగం మానేసిన ఒక కాంట్రాక్టు ఉద్యోగి మెయిల్‌బాక్స్‌లో పడుతున్నాయి. కొత్త సర్టిఫికెట్ వేయడానికి పట్టింది పది నిమిషాలు. పై అధికారులకు పంపిన వివరణలో ‘సాంకేతిక లోపం’ అని రాశారు. గడువులను గమనించడం ఎవరి పనీ కాకపోవడమే అసలు లోపమని ఆ గదిలో ఉన్న మా అందరికీ తెలుసు.

ఆ రోజుల్లో అలాంటి సర్టిఫికెట్‌ను ఏడాదికి ఒకసారి మారిస్తే సరిపోయేది. సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలూ బ్రౌజర్ కంపెనీలూ సభ్యులుగా ఉన్న సీఏ బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం, 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుంది. అంటే చివరికి ఒక్కో సర్టిఫికెట్‌ను ఏడాదికి ఎనిమిది సార్లు మార్చాలి. వందల సర్టిఫికెట్లు ఉన్న శాఖలో ఇది చేత్తో అయ్యే పని కాదు. వాటంతట అవే రెన్యూ అయ్యేలా చేసే ఏక్మీ ప్రోటోకాల్ ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. కానీ రద్దీని సర్వర్ల మధ్య పంచే మా పాత లోడ్ బ్యాలెన్సర్లలో, పదేళ్ల కిందట రాసిన అప్లికేషన్లలో అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఒక్కొక్కటిగా చేసి చూస్తే తప్ప తెలియదు. అందుకు నెలలు పడుతుంది. ఈ నిర్ణయం గురించి చదివినవారు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటారు, చదవనివారికి ఏదో ఒక సోమవారం ఉదయం తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ వెర్షన్ల సంగతీ ఇంతే. అనేక సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి ఏడాదికి సుమారు మూడు వెర్షన్లు వస్తాయి, ఒక్కో దానికి భద్రతా ప్యాచ్‌లు అందేది దాదాపు పద్నాలుగు నెలలే. టెండర్ పత్రం తయారై, బిడ్లు తెరిచి, పని అప్పగించి, సేవ ప్రారంభమయ్యేసరికి ఏడాది దాటితే, ఆ పత్రంలో రాసిన వెర్షన్ ప్రారంభోత్సవం నాటికే గడువు చివర్లో ఉంటుంది. సెంటాస్ 8 అనే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2029 దాకా మద్దతు ఉంటుందనుకుని చాలామంది దాని మీద సేవలు కట్టుకున్నారు. 2021 చివరికే దాన్ని నిలిపివేస్తామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. అది చూసినవారికి మరో దానికి మారడానికి ఏడాది వ్యవధి దొరికింది, చూడనివారు ఆడిట్‌లో తెలుసుకున్నారు. ధరలూ ఇలాగే మారతాయి. ఒకే సర్వర్‌ను అనేక వర్చువల్ మెషీన్లుగా, అంటే విడివిడి కంప్యూటర్లలా, వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేసే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కంపెనీ 2023 నవంబరులో కొనుగోలు చేసి, ఆ మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆపేసింది. ఇటువంటి మార్పు కబురు సాంకేతిక సిబ్బంది నుంచి ఆర్థిక విభాగానికి సకాలంలో చేరకపోతే, పాత లెక్కలతో వేసిన బడ్జెట్ అంచనాలు ఎందుకూ పనికిరావు.

కొత్తది వచ్చిన ప్రతిసారీ దాని వెంట పరుగెత్తాలని నా ఉద్దేశం కాదు. రోజుకు కొన్ని వందల మంది వాడే ఒక చిన్న అప్లికేషన్‌ను, ఒక్క వర్చువల్ మెషీన్ సరిపోయే చోట, వెండర్ చూపించిన ప్రజెంటేషన్ బాగుందని కుబర్నెటీస్ క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) మీద పెట్టడం నేను చూశాను. కంపెనీ వాళ్లు వెళ్లిపోయాక ఆ క్లస్టర్‌ను అప్‌గ్రేడ్ చేయడం చేతనైనవారు ఆ కార్యాలయంలో ఒక్కరూ లేరు. ఇది మనకు అవసరం లేదని ధైర్యంగా చెప్పాలన్నా, ఆ విషయం లోతుగా తెలిసి ఉండాలి. తెలియనివారు వెండర్ మాటకు తలూపడమో, భయపడి ఉన్నదాన్నే పట్టుకుని కూర్చోవడమో తప్ప మరేమీ చేయలేరు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది బ్యాకప్‌ల సంగతి. దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ఉన్న ప్రభుత్వ డేటా సెంటర్‌లో 2025 సెప్టెంబరు 26న లిథియం అయాన్ బ్యాటరీలను మరో చోటికి మార్చే పని జరుగుతుండగా మంటలు లేచి, ఆరు వందలకు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంగా దానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదు. సాంకేతికంగా ఎంతో ముందున్న దేశంలోనే ఇలా జరిగింది. బ్యాకప్ తీస్తున్నామనుకున్నంత మాత్రాన కూడా సరిపోదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవను నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీర్ రాత్రి పొద్దుపోయిన వేళ పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లను తొలగించినప్పుడు, ఉన్నాయనుకున్న ఐదు రకాల ఏర్పాట్లలో ఏదీ సరిగా పనిచేయడం లేదని బయటపడింది. దాదాపు ఆరు గంటల సమాచారం పోయింది. ఆ సంస్థ దాన్ని దాచిపెట్టలేదు, ఎక్కడ ఏ పొరపాటు జరిగిందో పూసగుచ్చినట్టు ప్రపంచానికి వివరించింది. ఆ నివేదిక చదివిన వారంలోనే మా బ్యాకప్ ఫైలు ఒకదాన్ని పక్క మెషీన్ మీద తెరిచి చూశాను. అది సున్నా బైట్ల ఫైలు, అంటే ఖాళీ. బ్యాకప్ తీసే స్క్రిప్టు మాత్రం ప్రతి రాత్రీ ‘విజయవంతం’ అని లాగ్‌లో రాసుకుంటూ పోతోంది.

ఆ ఒక్క పూట చదువు ఏం కాపాడిందో నాకు తెలుసు కాబట్టే ఇంత పట్టుదలగా అడుగుతున్నాను. రెండు రోజుల శిక్షణ తరగతులు, చివర హాజరు పత్రం అనే పద్ధతితో ఇది వచ్చే నేర్పు కాదు. చెడగొట్టినా ఎవరికీ ఇబ్బంది కలగని టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి ప్రతి శాఖకూ ఉండాలి. దాన్ని మీరు పాత సర్వర్లతోనైనా ఏర్పాటు చేయించవచ్చు. వారానికి ఒక పూట సమయంలో కాంట్రాక్టు సిబ్బందికి కూడా వాటా ఉండాలి, ఎందుకంటే చాలా చోట్ల నిజంగా సర్వర్ల మీద చేయి వేసేది వాళ్లే. సర్టిఫికెట్లకూ, ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ, లైసెన్సులకూ గడువు తీరే తేదీల పట్టికను ఒక అధికారి బాధ్యతగా పేరు పెట్టి అప్పగించాలి, హెచ్చరికలు వ్యక్తుల మెయిల్‌కు కాకుండా కార్యాలయం మెయిల్‌కు రావాలి. సేవ ఆగిపోయినప్పుడు కారణాన్ని ఉన్నది ఉన్నట్టు రాసిన ఉద్యోగికి మెమో రాదన్న భరోసా కూడా మీ ఉత్తర్వులోనే ఉండాలి. ఆ భరోసా లేనంత కాలం ప్రతి వివరణలోనూ ‘సాంకేతిక లోపం’ అనే రెండు మాటలే మీ బల్ల మీదికి వస్తాయి.

ఉత్తర్వుకు సమయం పడుతుందని తెలుసు. ఈలోగా అన్ని కార్యాలయాల నుంచి ఒక్క వివరం తెప్పించుకోవాలని మనవి: బ్యాకప్ తీసిన తేదీ కాదు, ఆ బ్యాకప్ నుంచి చివరిసారి రీస్టోర్ చేసి చూసిన తేదీ.

భవదీయుడు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్