బొమ్మను వదిలేసి సమీక్షా?

సంపాదకులకు,

‘వాచ్‌మెన్’ లాంటి గ్రాఫిక్ నవలల (బొమ్మలతో కథ నడిపే నవలల) మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఒకే దారిన పోతున్నాయి. కథ చెప్పేస్తారు, ‘హింస శ్రుతి మించింది’ అంటారు, అయిపోతుంది. రచయిత అలన్ మూర్ పేరుంటుంది గానీ బొమ్మలు గీసిన డేవ్ గిబ్బన్స్, రంగులద్దిన జాన్ హిగ్గిన్స్ ఊసుండదు. చిత్రకారుడు వపా (వడ్డాది పాపయ్య) ముఖచిత్రం కోసం చందమామ దాచుకున్నవాళ్ళం, మనకిది తగునా?

1986-87లో 12 సంచికలుగా వచ్చిన ఆ కథలో హింస ఎంతుందని కాదు, పేజీలో ఎక్కడ, ఎంత సైజులో పెట్టారని చూడాలి. పేజీకి తొమ్మిది గళ్ళు (గడికో బొమ్మ), మూడు వరసల్లో మూడేసి. అక్కడక్కడా రెండు మూడు గళ్ళు కలిసిపోయినా చట్రం మాత్రం అదే. మొదటి అధ్యాయంలో హత్యను ఒక్కసారిగా చూపరు. డిటెక్టివ్‌లు మాట్లాడుకుంటుంటే మధ్యమధ్యలో ఎర్రటి గళ్ళు వస్తాయి. మాటలు ఇప్పటివి, దెబ్బలు అప్పటివి. ఇలా 11 అధ్యాయాలు కన్ను గళ్ళకు అలవాటుపడ్డాక, 12వది ఆరు నిండు పేజీల బొమ్మలతో మొదలవుతుంది. న్యూయార్క్ వీధుల నిండా శవాలు, ఎవరి నోటా మాట లేదు. నిండు పేజీ బొమ్మను అంతదాకా దాచి ఉంచారు కాబట్టే గుండె ఆగినంత పనవుతుంది.

ఫోన్‌లో గడి తర్వాత గడి చూపే పద్ధతిలో చదివితే ఇదంతా పోయినట్టే. తొమ్మిదో వంతు గడీ, నిండు పేజీ బొమ్మా తెర మీద ఇంచుమించు ఒకే సైజు. ఐదో అధ్యాయానికి మరీ నష్టం. అందులో 28 పేజీల అమరిక అద్దంలో బింబంలా ఉంటుంది: 1కి 28, 2కి 27, అలా నడిమికి 14-15. కాగితం మీదో, రెండు పేజీలూ పక్కపక్కన కనిపించే ట్యాబ్‌లోనో తప్ప ఇది పట్టుబడదు. అందుకే దేనిమీద చదివారో సమీక్షకులు చెప్పాలి.

పిల్లలకు కొనిచ్చేవాళ్ళకు ‘హింస ఉంది’ అన్న ముక్క చాలదు. రెండో అధ్యాయంలో అత్యాచార యత్నం ఉంది. ఆరో అధ్యాయంలో చిన్నపిల్ల హత్య ఉంది. దాన్ని గీయలేదు, పొయ్యిలో కాలగా మిగిలిన గుడ్డపీలిక, పెరట్లో ఎముక కోసం కొట్లాడుకునే కుక్కలు, అంతే. నా లెక్కలో పదహారేళ్ళ లోపు వాళ్ళకు వద్దు. సమీక్షలో అధ్యాయం నంబరుతో సహా ఇది రాస్తే తల్లిదండ్రులే తేల్చుకుంటారు.

– ఒక పాఠకుడు, విజయవాడ